కుర్రవాళ్ళ ముఠా జీవితం మీద వచ్చిన నవలల్లో అసలు వస్తువు ఏమిటి? పిల్లలచేత ఎలా చదివించాలి?

అమ్మా, తర్వాత చదివేవారికి సందర్భం తెలియడం కోసం మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. ఒడిశాలోని రాయగడలో తొమ్మిది, పది తరగతుల తెలుగు పిల్లలతో మీరు ఆదివారాలు ఒక పఠన బృందం నడుపుతున్నారు. ముఠాల్లో తిరిగే కుర్రవాళ్ళ గురించి వచ్చిన నవలలను వాళ్ళచేత చదివించాలనుకుంటున్నారు. ఆ నవలల్లో ప్రధానమైన వస్తువులేమిటి, వాటిని చదివితే పిల్లలు ఆ దారి పడతారేమోనని భయపడే తల్లిదండ్రులకు ఏమి చెప్పాలి, ఎక్కడో అమెరికాలో జరిగిన కథ మన పిల్లలకు ఎలా అందుతుంది అన్నవి మీరు అడిగిన మూడు ప్రశ్నలు.

సూటిగా చెబుతాను. ఈ సాహిత్యానికి కేంద్ర వస్తువు హింస కాదు, ఋణం. అన్నం, ఆదరం, గౌరవం, "వీడు మావాడు" అనే ఒక్క మాట ఇంట్లో దొరకని కుర్రవాడికి వాటిని వీధిలోని జట్టు ఇస్తుంది. అలా తిన్న ఉప్పుకు ఎంత తీర్చాలి, ఆ లెక్క ఎవరు కడతారు, తీరిపోయిందని ఎప్పుడంటారు అన్న ప్రశ్నల చుట్టూనే ఈ కథలు తిరుగుతాయి. స్నేహం, పేద–ధనిక భేదం, మగతనం, మౌనం, బాల్యం చెదిరిపోవడం అంటూ గైడ్లలో విడివిడిగా రాసేవన్నీ ఈ చెట్టుకు కొమ్మలే. ఇక రెండో ప్రశ్నకు వస్తే, మంచి నవల చదివి చెడిపోయిన పిల్లవాణ్ణి నేను నా ఉద్యోగ జీవితంలో చూడలేదు. కానీ నా నోటి దురుసు వల్ల నాకు దూరమైన పిల్లవాడు ఒకడున్నాడు, అతని సంగతి కింద రాస్తాను. మూడో ప్రశ్నకు జవాబు, తప్పకుండా అందుతుంది, అయితే మొదలుపెట్టవలసింది అమెరికాలో కాదు.

నేను పర్లాకిమిడిలో 31 ఏళ్ళు ఇంగ్లీషు, తెలుగు బోధించాను. పదవీ విరమణ తర్వాత కూడా మా ఇంటి అరుగు మీద వారానికి ఒకసారి పిల్లలు చేరుతారు, ఏదో ఒక పుస్తకం చదువుకుంటాము. నేను సమాజశాస్త్రం చదివినవాణ్ణి కాను, పోలీసు వ్యవహారాలు తెలిసినవాణ్ణీ కాను. పుస్తకాలు పిల్లల చేతిలో పెట్టి, వాళ్ళు ఏ పుట దగ్గర ఆగిపోతారో గమనించిన అనుభవం మాత్రమే నాకుంది. ఈ సమాధానం ఆ అనుభవంలోంచి రాస్తున్నదే.

ఋణం అన్న మాట ఎందుకు వాడానో చెప్పడానికి చాలా పాత పుస్తకం దగ్గరకు వెళ్ళాలి. చార్లెస్ డికెన్స్ 1837 నుంచి 1839 వరకు భాగాలు భాగాలుగా ప్రచురించిన 'ఆలివర్ ట్విస్ట్'లో, పేదలను ఉంచి పని చేయించుకునే వర్క్‌హౌస్‌లో ఇంకొంచెం గంజి పెట్టమని అడిగినందుకు శిక్ష అనుభవించిన పిల్లవాడు చివరికి నడిచి నడిచి లండన్ చేరతాడు. ఆ నగరంలో అతనికి వేడిగా తిండి పెట్టి, పడుకోవడానికి చోటు చూపించినవాడు దొంగల ముఠాను నడిపే ఫేగిన్. ఊరి పెద్దలు, ధర్మసంస్థ, చట్టం కలిసి పెట్టలేని ముద్దను ఒక దొంగ పెట్టాడు. పిల్లలు ఈ ఘట్టం చదివినప్పుడు ఫేగిన్ మీద కోపం తెచ్చుకోరు, వెంటనే ఇష్టపడతారు, అలా ఇష్టపడనివ్వండి. ఆ తర్వాత ఆలివర్ ఒక మంచి ఇంట్లో చేరినప్పుడు, వాడు తమ గుట్టు బయటపెడతాడేమోనన్న భయంతో అదే ముఠా వాణ్ణి వీధిలోంచి పట్టుకుపోతుంది. మొదటి రోజు పెట్టిన తిండికి లెక్క ఆ రోజు నుంచే నడుస్తోందని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది. వస్తువును మనం చెప్పనక్కరలేదు, ఆ రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చదివిస్తే చాలు.

మీరు చదివించాలనుకుంటున్న 'ది అవుట్‌సైడర్స్' ఈ కోవలో ఇరవయ్యో శతాబ్దపు ముఖ్యమైన నవల. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరానికి చెందిన ఎస్. ఇ. హింటన్ దానిని 15 ఏళ్ళ వయసులో మొదలుపెట్టింది, 1967లో అది అచ్చయ్యే నాటికి ఆమెకు 18 ఏళ్ళు. మగపిల్లల ముఠాల గురించి ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు చిన్నచూపు చూస్తారేమోనని ప్రచురణకర్తలు పూర్తి పేరు కాకుండా పొడి అక్షరాలు వాడమన్నారు. మీ బృందంలోని ఆడపిల్లలకు ఈ సంగతి మొదటి రోజే చెప్పండి. నవల రాస్తున్న ఏడాది సృజనాత్మక రచన తరగతిలో ఆమెకు డి గ్రేడు వచ్చిందన్న సంగతి మాత్రం మనలాంటి ఉపాధ్యాయులు గుర్తుంచుకోవలసినది.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. తలకు నూనె రాసి జుట్టు పెంచుకునే పేద పిల్లలు ఒక పక్క, కార్లలో తిరిగే కలిగినవారి పిల్లలు మరొక పక్క. కథ చెప్పే పోనీబాయ్‌కి 14 ఏళ్ళు, తల్లిదండ్రులు కారు ప్రమాదంలో పోయారు, 20 ఏళ్ళ పెద్దన్న చదువు మానుకుని ఇళ్ళ పైకప్పులు వేసే పని చేస్తూ తమ్ముళ్ళిద్దరినీ సాకుతున్నాడు. వీళ్ళ జట్టులోని జానీ అనే 16 ఏళ్ళ కుర్రవాణ్ణి తండ్రి కొడతాడు, తల్లి పట్టించుకోదు. ఒక రాత్రి పార్కులో అవతలి పక్షంవాళ్ళు పోనీబాయ్‌ని నీళ్ళలో ముంచుతుంటే జానీ కత్తితో ఒకణ్ణి పొడుస్తాడు, వాడు చనిపోతాడు. ఇద్దరూ పారిపోయి పాడుబడ్డ చర్చిలో దాక్కుంటారు. ఆ చర్చికి నిప్పంటుకుని లోపల చిన్నపిల్లలు చిక్కుకున్నప్పుడు వీళ్ళు వెళ్ళి వారిని బయటికి తెస్తారు, జానీ మాత్రం వెన్ను విరిగి కొన్నాళ్ళకు చనిపోతాడు. వాళ్ళను దాచిపెట్టిన డాలీ అనే మొరటు కుర్రవాడు జానీ చావు తట్టుకోలేక, గుళ్ళు లేని తుపాకీని పోలీసుల మీదికి ఎత్తి, వాళ్ళ కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకుంటాడు.

ఇప్పుడు ఈ కథను ఋణం అన్న కోణంలో చూడండి. పార్కులో జానీ చేసిన పని జట్టు కోసం చేసినది. తనను మనిషిగా చూసినవాళ్ళలో ఒకణ్ణి కాపాడుకోవడానికి ఇంకొకరి ప్రాణం తీశాడు. చర్చిలో చేసిన పని అలాంటిది కాదు. ఆ పిల్లలు అతనికి ఏమీ కారు, వాళ్ళు అతనికి ఒక్క ముద్ద పెట్టలేదు, అతను వాళ్ళకు ఏమీ బాకీ లేడు. జట్టు లెక్కల పుస్తకంలో ఎక్కడా రాయడానికి వీలులేని పని అది. చనిపోయే ముందు రాసిన ఉత్తరంలో, ఆ పిల్లలను కాపాడినందుకు తనకు విచారం లేదని జానీ పోనీబాయ్‌కి చెబుతాడు. డాలీ ఈ తేడాను గ్రహించలేకపోయాడు. అతనికి తెలిసినదంతా ఇచ్చిపుచ్చుకోవడం మాత్రమే, ఇవ్వవలసినవాడు పోయాక ఇక బతకడానికి కారణం కనపడలేదు. గ్రంథవిమర్శకులు దీనిని త్యాగం అన్న వస్తువు కింద రాస్తారు. నా దృష్టిలో త్యాగం అన్న మాట ఇక్కడ చాలదు, ఎందుకంటే పార్కులో జరిగినదాన్ని కూడా జట్టువాళ్ళు త్యాగమనే అంటారు.

మన పిల్లలకు ఈ సంగతి కర్ణుడి ద్వారా ముందు చెప్పాలి. కర్ణుడు లేని భారతం, శొంఠి లేని కషాయం అనే సామెత ఎరగని తెలుగు పిల్లవాడు ఉండడు. నన్నయ ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం చదివించండి. అందరి ముందు నీ కులమేమిటని అడిగి తల వంచేలా చేసిన సభలో దుర్యోధనుడు లేచి అంగరాజ్యం ఇస్తాడు, బదులుగా ఏమి కావాలంటే నీ స్నేహమే కావాలంటాడు. ఇంతకన్నా మర్యాదైన మాట లేదు, ఇంతకన్నా పెద్ద అప్పుపత్రమూ లేదు. ఆ స్నేహం కోసమే కర్ణుడు ద్యూతసభలో ద్రౌపది విషయంలో అనరాని మాటలన్నాడు. తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడు వచ్చి నువ్వు కుంతి పెద్దకొడుకువని చెప్పి, రాజ్యం నీదేనని పిలిచినప్పుడు కూడా వెళ్ళలేదు. ఆ నిరాకరణ గొప్పదా, పొరపాటా అని మా అరుగు మీద ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. ఒక కుర్రవాడు, కర్ణుడు అటు వెళ్ళి ఉంటే తన దృష్టిలో చులకనయ్యేవాడన్నాడు. ఒక అమ్మాయి, ద్రౌపది ఆ సభలో నిలబడినప్పుడు ఈ స్నేహధర్మం ఎక్కడికి పోయిందని అడిగింది. విశ్వాసం అనేది మంచి గుణమే అయినా అది ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి మనిషిని తప్పులో భాగస్వామిని చేయగలదన్న విషయాన్ని నేను ఒక్క వాక్యం చెప్పకుండానే వాళ్ళిద్దరూ తేల్చారు. ఆ మరుసటి వారం జానీ కథ మొదలుపెట్టాము, వేరే పీఠిక అవసరం రాలేదు.

పేద–ధనిక భేదం గురించి. ఈ నవలల్లో అది ఉన్నమాట నిజమే, కానీ "ధనవంతులు చెడ్డవారు, పేదలు మంచివారు" అన్న తీర్మానంతో పిల్లలు బయటికి వస్తే మనం సరిగా చదివించనట్టే. పోనీబాయ్, అవతలి పక్షానికి చెందిన చెర్రీ అనే అమ్మాయి మాట్లాడుకునే ఒక ఘట్టంలో తామిద్దరూ చెరొక చోటి నుంచి చూసే సూర్యాస్తమయం ఒకటేనని పోనీబాయ్‌కి తోస్తుంది. చిన్న ఘట్టమే, కానీ నవలంతా దాని మీద నిలబడి ఉంది. అదే చెర్రీ, బడిలో తాను పలకరించకపోతే ఏమీ అనుకోవద్దని కూడా ముందే చెబుతుంది. ఆకాశం ఒకటే అయినా నడవా వేరు. ఈ రెండు మాటలనూ కలిపి చదివించాలి. మొదటిది మాత్రమే చెబితే తియ్యని అబద్ధమవుతుంది, రెండోది మాత్రమే చెబితే నిరాశ మిగులుతుంది.

ముఠాలు ఎక్కడ పుడతాయన్న ప్రశ్నకు సాహిత్యం వెలుపలి నుంచి ఒక్క పుస్తకం పేరు చెబుతాను. ఫ్రెడరిక్ థ్రాషర్ అనే సమాజశాస్త్రవేత్త చికాగో నగరంలో 1,313 ముఠాలను పరిశీలించి 1927లో తన గ్రంథం ప్రచురించాడు. ముఠా మొదట ఆడుకునే పిల్లల గుంపుగానే మొదలవుతుందని, ఎవరో అడ్డుపడి గొడవ జరిగినప్పుడు అది ముఠాగా బిగుసుకుంటుందని, నగరంలో ఒక ప్రాంతానికీ మరొక ప్రాంతానికీ నడుమ ఎవరికీ చెందని సందుల్లాంటి చోట్ల అది పెరుగుతుందని అతను రాశాడు. మన ఊళ్ళు చికాగో కావు, మన పిల్లల "బ్యాచ్"లు అక్కడి ముఠాలు కావు, ఆ పోలికను అతిగా లాగకూడదు. అయినా ఆ "నడుమ" అన్న మాట నన్ను ఆపింది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, కూతవేటు దూరంలోని పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర మాట వింటూ పెరిగే పిల్లవాణ్ణి బడిలో కొందరు తెలుగువాడంటారు, పాతపట్నంలో చుట్టాలింటికి వెళితే ఒడియావాడంటారు. ఎక్కడా పూర్తిగా లెక్కలోకి రాని పిల్లవాడికి "వీడు మా బ్యాచ్" అన్న మాట ఎంత తీపిగా ఉంటుందో మీకు రాయగడలో కూడా కనపడే ఉంటుంది.

మౌనం అన్న వస్తువును విడిగా బోధించండి, దానికి ఒక పూర్తి ఆదివారం ఇవ్వండి. జేసన్ రెనాల్డ్స్ 2017లో ప్రచురించిన 'లాంగ్ వే డౌన్' కవితారూపంలో ఉన్న నవల. అన్నను ఎవరో కాల్చి చంపారు. 15 ఏళ్ళ విల్ నడుముకు తుపాకీ దోపుకుని, పగ తీర్చుకోవడానికి తన ఇంటి నుంచి లిఫ్టులో దిగుతున్నాడు. కథంతా ఆ నిమిషం సేపటిలోనే జరుగుతుంది. ఒక్కొక్క అంతస్తులో ఒక్కొక్క చనిపోయినవాడు లిఫ్టు ఎక్కుతాడు. వాళ్ళ పేటలో తరతరాలుగా వస్తున్న మూడు నియమాలున్నాయి: ఏడవకూడదు, పేరు చెప్పకూడదు, పగ తీర్చుకోవాలి. హంతకుడు ఫలానావాడని విల్ నమ్ముతున్నాడు, కానీ ఆ నమ్మకానికి ఆధారం ఊహే తప్ప ఋజువు కాదు. మొదటి నియమం ఏడుపును మింగిస్తుంది, రెండో నియమం నిజం తెలుసుకునే దారి మూసేస్తుంది, ఆ రెండూ జరిగాక మూడోది తప్ప చేయడానికి ఏమీ మిగలదు. మూడు నియమాలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్న ఈ తీరును పిల్లలు చాలా తొందరగా పట్టుకుంటారు, ఎందుకంటే మగపిల్లవాడు ఏడవకూడదన్న మొదటి నియమం మన ఇళ్ళలో కూడా ఉంది.

ఇక్కడే నా తప్పు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట వినాయక నిమజ్జనం నాడు మహేంద్రతనయ నది ఒడ్డున రెండు వీధుల బ్యాచ్‌ల మధ్య గొడవ జరిగింది, ఒక కుర్రవాడికి తల పగిలింది. మరునాడు తరగతిలో, ఆ బ్యాచ్‌లో తిరిగే మా విద్యార్థిని నిలబెట్టి, "మీరంతా రౌడీలుగా తయారవుతున్నారు" అని అందరి ముందూ అన్నాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు, మాట్లాడలేదు. ఆ మౌనాన్ని నేను పొగరనుకున్నాను. వారం తిరగకుండానే బడి మానేశాడు, తర్వాత మన ప్రాంతపు కుర్రవాళ్ళు చాలామంది వెళ్ళినట్టే సూరత్ పవర్‌లూములలో పనికి వెళ్ళిపోయాడు. రెండేళ్ళ తర్వాత సెలవుకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి, "నేను కొట్టలేదు మాస్టారూ. కొట్టినోడి పేరు చెప్పలేదు, అంతే. మీరు పక్కకు పిలిచి అడిగుంటే చెప్పేవాణ్ణేమో" అన్నాడు. అతని మీద అప్పటికే బ్యాచ్ ఋణం ఉంది, దాన్ని దింపుకోవడానికి ఒక పెద్ద మనిషి కావలసి ఉండగా నేను ఇంకొక ముద్ర వేశాను. అతను మళ్ళీ చదువుకోలేదు. ఈ పుస్తకాలను పిల్లలచేత చదివించాలన్న పట్టుదల నాకు ఆ సంఘటన తర్వాతే కలిగింది.

కాబట్టి తల్లిదండ్రుల భయానికి నా సమాధానం ఇది. కొట్లాటను వేడుకగా చూపించే కథలు ఉన్నాయి. కొట్టినవాడు నడిచివస్తుంటే వెనక వాయిద్యాలు మోగుతాయి, దెబ్బ తిన్నవాడికి పేరు కూడా ఉండదు. పిల్లలు అలాంటివి మనం ఇవ్వకపోయినా చూస్తారు. మనం ఇచ్చే నవలకు ఒక పరీక్ష పెట్టుకోండి: దెబ్బ తిన్నవాడి ఇంటికి ఆ కథ వెళుతుందా లేదా? 'ది అవుట్‌సైడర్స్'లో చనిపోయిన ధనవంతుల పిల్లవాడు బాబ్ గురించి, వాణ్ణి తల్లిదండ్రులు ఎన్నడూ కాదనలేదని, ఎవరైనా ఒక్కసారి కాదని ఉంటే బాగుండేదని అతని స్నేహితుడే చెబుతాడు. చంపబడినవాడికి కూడా ఇల్లూ, లోటూ ఉన్నాయని చూపించే పుస్తకం పిల్లవాణ్ణి కత్తి వైపు తోయదు. అలా చూపించని పుస్తకాన్ని, ఎంత పేరున్నదైనా, మీ జాబితాలోంచి తీసివేయండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ నవలలు చదివించేటప్పుడు బృందంలోని ఏ పిల్లవాణ్ణీ "నీకు తెలిసే ఉంటుందిగా" అన్న చూపుతో చూడకండి. ఎవరి అన్న జైలులో ఉన్నాడో, ఎవరి తండ్రి తాగి కొడతాడో మీకు తెలిసినా, ఆ సంగతిని చర్చలోకి మీరు తేకండి. పుస్తకంలోని పాత్ర గురించి మాట్లాడే స్వేచ్ఛ పిల్లవాడికి కావలసింది, తన గురించి చెప్పుకోవాలన్న ఒత్తిడి కాదు.

ఆయుధం గురించి తక్కువ మాటల్లో ముగిస్తాను. వాల్టర్ డీన్ మైయర్స్ 1988లో రాసిన 'స్కార్పియన్స్'లో న్యూయార్క్ హార్లెమ్ ప్రాంతంలోని 12 ఏళ్ళ జమాల్‌ను, జైలుకు వెళ్ళిన అన్న స్థానంలో ముఠాకు నాయకత్వం వహించమంటారు, చేతికి తుపాకీ ఇస్తారు. బడిలో తనను ఏడిపించేవాడు ఆ తుపాకీ చూడగానే భయపడతాడు. ఆ భయం జమాల్‌కు నచ్చుతుంది, నచ్చినందుకు తన మీద తనకే భయం వేస్తుంది. చివరికి ఆ తుపాకీ పేల్చవలసి వచ్చినది జమాల్ కాదు, అతని ప్రాణస్నేహితుడు టీటో, ఏ ముఠాతోనూ సంబంధం లేని మెత్తని పిల్లవాడు. ఒకడు చేసిన అప్పు ఇంకొకడి మెడకు చుట్టుకుంటుంది. చిన్న తరగతుల పిల్లలకు మిగతా పుస్తకాల కన్నా ఇది ముందు ఇవ్వవచ్చు, భాష సులువు.

ఆడపిల్లల విషయంలో ఈ సాహిత్యం చాలావరకు వెనకబడి ఉందని నా అభిప్రాయం. తల్లులు ఎదురుచూస్తూ ఉంటారు, అక్కచెల్లెళ్ళు ఏడుస్తూ ఉంటారు, కథ మగపిల్లల వెంట వెళ్ళిపోతుంది. ఈ లోటును మీ బృందంలో దాచకండి. దీనికి మినహాయింపుగా నేను చూపించేది మళ్ళీ డికెన్స్ నవలలోని నాన్సీనే. పసితనం నుంచి ఫేగిన్ కోసం దొంగతనాలు చేసిన ఆమె ఆలివర్‌ను కాపాడటానికి ప్రాణానికి తెగిస్తుంది. నిన్ను కూడా సురక్షితమైన చోటికి చేరుస్తామని మంచివాళ్ళు బతిమాలితే మాత్రం ఒప్పుకోదు, తిరిగి ఆ ఇంటికే వెళుతుంది, అక్కడే హతమవుతుంది. తలుపు తెరిచి ఉన్నా ఎందుకు బయటికి రాలేదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకండి. కర్ణుడు ఎందుకు రాలేదని తిరిగి అడగండి, తేడా ఏమిటో వాళ్ళే వెతుకుతారు. మా దగ్గర ఒక అమ్మాయి, కర్ణుడికి వెళితే రాజ్యముంది, నాన్సీకి వెళితే ఎవరున్నారు అంది. నేను ఇన్నేళ్ళలో విన్న వ్యాఖ్యానాల్లో అది మేలైనది.

భాష గురించి చెప్పకపోతే నా ఊరికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఈ నవలల్లో వస్తువు, భాష విడివిడిగా లేవు. 'ది అవుట్‌సైడర్స్' చివర పోనీబాయ్ తన ఇంగ్లీషు ఉపాధ్యాయుడికి రాసి ఇవ్వవలసిన వ్యాసానికి మొదటి వాక్యం రాస్తాడు, అది నవల మొదటి వాక్యమే. మనం చదివినదంతా ఆ కుర్రవాడు తన మాటల్లో రాసిన వ్యాసమని అప్పుడు తెలుస్తుంది. నియమం పేరు చెప్పకూడదంటుంది, అతను అందరి పేర్లూ రాశాడు. ఋణం తీర్చే దారి కత్తి కాక కలం అయింది. ఇది అచ్చమైన పండిత భాషలో సాధ్యమయ్యే పని కాదు. గిడుగు రామమూర్తి పంతులు ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగుకు బడిలోనూ రాతలోనూ చోటుండాలని పోరాడారు, సవరల భాషను నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మీ పిల్లలచేత రాయించేటప్పుడు ఆ పోరాటం గుర్తుంచుకోండి. "ఏటి, ఎందుకొచ్చావు, ఇటు రా" అని మాట్లాడే పిల్లవాడు కాగితం మీద "నేను ఆగమించితిని" అని రాస్తే వాడి కథ అక్కడే ఆగిపోతుంది. శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ఉత్తరాంధ్ర నోటి మాటతోనే సారా కేసుల మనుషుల కథలు రాశారు. అవి కుర్రవాళ్ళ ముఠాల కథలు కావు, కానీ కింద నిలబడినవాడికి చట్టం ఎలా కనపడుతుందో తెలియడానికి 'ఆరు సారా కథలు' నుంచి ఒకటి మీరు ముందుగా చదివి, పిల్లల వయసుకు తగినదనిపిస్తే వినిపించండి.

మా అరుగు మీద పిల్లలు ఎక్కువసేపు ఆగిన పుట ఏదో కూడా చెబుతాను. 'ది అవుట్‌సైడర్స్' చివరి భాగంలో, ఎదుటి పక్షంవాళ్ళు మీదికి వస్తే పోనీబాయ్ సీసా పగలగొట్టి చేత పట్టుకుంటాడు, వాళ్ళు వెళ్ళిపోతారు. మొరటువాడైపోయాడా అని స్నేహితుడు కంగారు పడతాడు. అంతలో పోనీబాయ్ వంగి, ఎవరి టైరుకైనా గుచ్చుకుంటుందేమోనని కింద పడిన గాజు పెంకులను ఏరుతుంటాడు. ఈ పుట చదివినప్పుడు, వీధిలో పెద్ద బ్యాచ్‌లో తిరిగే ఒక కుర్రవాడు, ఆ సాయంత్రం అంతవరకూ నోరు విప్పనివాడు, "పెంకులు ఏరాడంటే వాడింకా పూర్తిగా వాళ్ళలో కలవలేదన్నమాట" అన్నాడు. నేను ఏమీ అనలేదు. మరో పిల్లవాడు, "కలిసినవాళ్ళు కూడా ఏరుతారు, ఎవరూ చూడనప్పుడు" అన్నాడు. ఇద్దరిలో ఎవరిది సరైనదో నేను తీర్పు చెప్పలేదు, మీరు కూడా చెప్పకండి.

మీ బృందానికి నేను సూచించే క్రమం ఇది. మొదటి ఆదివారం కర్ణుడి రంగప్రవేశం, రెండో ఆదివారం ఆలివర్‌కు ఫేగిన్ తిండి పెట్టే ఘట్టం. తర్వాత 'ది అవుట్‌సైడర్స్' మొదలుపెట్టండి, 12 అధ్యాయాలే కాబట్టి వారానికొకటి చొప్పున మూడు నెలల్లో అవుతుంది. పార్కులో హత్య జరిగే నాలుగో అధ్యాయం తర్వాత ఒక వారం ఆగి, జానీ ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో ప్రతి పిల్లవాడినీ ఒక కాగితం మీద రాయమనండి, పేరు రాయనక్కరలేదు. ఆ కాగితాలు మీ దగ్గర ఉంచుకుని, జానీ ఉత్తరం చదివిన రోజు తిరిగి ఇచ్చి, మార్చదలచుకున్నవారిని మార్చమనండి. ఇంగ్లీషు కష్టమనిపించిన చోట మీరే తెలుగులో చెబుతూ వెళ్ళండి, కానీ జానీ ఉత్తరాన్ని మాత్రం ముందుగా తెలుగులో రాసి పెట్టుకుని, గట్టిగా చదవడం వచ్చిన పిల్లవాడిచేత చదివించండి. మధ్యలో ఎవరైనా రావడం మానేస్తే, కారణం అడగడానికి వాళ్ళ ఇంటికి మీరు ఒంటరిగా, సాయంత్రం పూట, చేతిలో పుస్తకం లేకుండా వెళ్ళండి.